గుంటల లెక్కతో పైథాన్ ఆపరేటర్లు నేర్చుకోండి

పట్టా పాస్‌బుక్కులో ఒక సర్వే నంబరు ఎదురుగా 1.25 అని ఉంది, ఇంకో నంబరు ఎదురుగా 2.25 అని ఉంది. మొత్తం భూమి ఎంత? నల్లగొండలో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్తుంటాను. ఒకరోజు ఈ ప్రశ్న వేస్తే ఒక అబ్బాయి చకచకా 1.25 + 2.25 అని కొట్టాడు. తెర మీద 3.5 వచ్చింది. మూడెకరాల ఐదు గుంటలా? మూడెకరాల యాభై గుంటలా? మూడున్నర ఎకరాలా? ఆ మూడింట్లో ఏదీ కాదు. ఇంటికి ఫోన్ కలిపి వాళ్ల నాయనను అడగమన్నాను. బడి మొహం చూడని ఆ మనిషి అవతలి నుంచి ఆలోచించకుండా చెప్పాడు: "నాలుగెకరాల పది గుంటలు గదరా!"

కూడిక గుర్తు తన పని తాను సరిగ్గానే చేసింది. 1.25లో చుక్క తర్వాత ఉన్నది దశాంశం కాదు, గుంటలు. నలభై గుంటలైతే ఎకరం. ఆ సంగతి మనం పైథాన్‌కు చెప్పలేదు, అది అడగలేదు. ఆపరేటర్లు అంటే ఈ లెక్క గుర్తులే. అన్నీ కలిపి ఓ ఇరవై ఉంటాయేమో, ఒక పూటలో నోటికొస్తాయి. ఏ లెక్కకు ఏ గుర్తు వాడాలి అన్న దగ్గరే పిల్లలు ఆగిపోతారు. అందుకే మీకు ముందుగా ఒక్క మాట చెప్తాను. ఏ వరస టైపు చేసేముందైనా ఆ లెక్కను మీ ఇంట్లో చెప్పుకున్నట్టు నోటితో తెలుగులో చెప్పుకోండి. తర్వాత గుర్తు వెతకండి. ఈ వ్యాసమంతా ఆ పద్ధతిలోనే నడుస్తుంది.

టైపు చేసే చోటు సిద్ధం చేసుకోండి

కంప్యూటర్ ఉంటే పైథాన్ సొంత వెబ్‌సైటు నుంచి ఉచితంగా దించుకోండి. దాంతోపాటే ఐడిల్ అనే కిటికీ వస్తుంది. కంప్యూటర్ లేకపోతే ఆగిపోవద్దు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఫోన్‌లోనే మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 వేసుకొని ఇంటర్‌ప్రెటర్ అన్నది తెరిస్తే చాలు, సిగ్నల్ లేని తండాలో కూర్చున్నా పని నడుస్తుంది. >>> అని మూడు బాణాలు కనిపించాలి. వాటి పక్కన ఒక వరస టైపు చేసి ఎంటర్ నొక్కితే జవాబు కింద పడుతుంది. కింద నేను ఇచ్చే ప్రతి వరసనూ చదివి వదిలేయకండి, వేలితో కొట్టి చూడండి.

పైథాన్ 3లో మనం పెట్టే పేర్లు తెలుగులో ఉండొచ్చు. గుంటలు, తేమ, మొత్తం అని నిక్షేపంగా రాసుకోవచ్చు. అయితే రెండు పదాల మధ్య ఖాళీ ఉండకూడదు, దాని బదులు కింది గీత పెట్టాలి. పొల్లు అక్షరం విడిగా నిలబడేందుకు తెలుగు కీబోర్డులు ఒక్కోసారి కంటికి కనిపించని ఒక అక్షరాన్ని మధ్యలో చొప్పిస్తాయి. "పాస్‌బుక్" అని రాసినప్పుడు స్ దగ్గర జరిగేది అదే. పేరులో అది ఉంటే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, మనకేమో తప్పు కనబడదు. కాబట్టి పొల్లు లేని పేర్లు పెట్టుకోండి. అంకెలు మాత్రం 1, 2, 3 అనే రాయాలి. మన తెలుగు అంకెలను కోడ్‌లో నేరుగా రాస్తే ఒప్పుకోదు.

కొన్ని పదాలు పైథాన్ సొంతం, వాటిని మార్చలేం. ఇక్కడ అండ్, ఆర్, నాట్, ఇన్ అని నేను రాసిన చోటల్లా మీరు ఇంగ్లిషు చిన్న అక్షరాలతో కొట్టాలి. జవాబుగా వచ్చే ట్రూ, ఫాల్స్ అన్నవి మొదటి అక్షరం పెద్దదిగా కనిపిస్తాయి.

ఫోన్ కీబోర్డుతో ఇంకో ఇబ్బంది ఉంది. అందులో × ఉంటుంది, ÷ ఉంటుంది, రెండూ ఇక్కడ పనికిరావు. గుణకారానికి * కొట్టాలి, భాగహారానికి / కొట్టాలి. కొటేషన్ గుర్తులు వంకరగా వస్తే నిటారువి వెతికి పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, అంకెల మధ్య కామా పెట్టకండి. ఇది కొట్టి చూడండి:

>>> 8,110 * 2
(8, 220)

ఎనిమిది వేల నూట పది అని మనం అనుకున్నాం. ఎనిమిది ఒకటి, నూట పది ఒకటి, రెండు వేరువేరు అంకెలని పైథాన్ అనుకుంది. ఎర్రర్ కూడా ఇవ్వలేదు, అదీ భయం. చదవడానికి వీలుగా విడదీయాలనిపిస్తే కింది గీత వాడండి. 1_08_674 అని మన లక్షల పద్ధతిలోనే రాయొచ్చు, పైథాన్ దాన్ని ఒకే అంకెగా తీసుకుంటుంది.

పేరు పెట్టి దాచుకోవడం

బళ్లో = అంటే "సమానం" అని చదువుకున్నాం. ఇక్కడ కాదు. ఇక్కడ దాన్ని "లో పెట్టు" అని చదవండి. కుడి పక్కనున్న లెక్క ముందు తేలుతుంది, తేలింది ఎడమ పక్కనున్న పేరులోకి పోతుంది.

>>> లోడు_బండి = 3120
>>> ఖాళీ_బండి = 1780
>>> పత్తి = లోడు_బండి - ఖాళీ_బండి
>>> పత్తి
1340

పత్తి బండి కాంటా ఎక్కినప్పుడు జరిగేది ఇదే కదా. నిండు బండి తూకం, పత్తి దించాక ఖాళీ బండి తూకం, తేడా మన సరుకు. పేరులో పెట్టిన వరసకు జవాబు పడదు. పేరు ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కితే లోపల ఏముందో చూపిస్తుంది.

రెండో బండి కూడా వచ్చిందనుకోండి, అందులో 960 కిలోలు. ఉన్నదానికి కలపాలంటే:

>>> పత్తి += 960
>>> పత్తి
2300

+= అంటే "ఉన్నదానికి కలిపి మళ్లీ అక్కడే పెట్టు". -=, *=, /= కూడా ఉన్నాయి, అవీ ఇంతే. తొందరలో =+ అని తిప్పి కొట్టారో, పైథాన్ దాన్ని "పత్తిలో ప్లస్ 960 పెట్టు" అని చదువుకుంటుంది. మొదటి బండి మొత్తం గల్లంతవుతుంది. ఎర్రర్ రాదు. అందుకే ముందు కూడిక, తర్వాత = అని వేళ్లకు అలవాటు చేయండి.

ధర కట్టడం, బ్రాకెట్ల విలువ

+, -, *, / ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్క / దగ్గర మాత్రం ఆగుదాం. భాగహారం చేస్తే పైథాన్ 3లో జవాబు ఎప్పుడూ దశాంశంతోనే వస్తుంది. 1300 / 100 కొడితే 13 రాదు, 13.0 వస్తుంది. కాలేజీలో సీ భాష చదివినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ 7 / 2 అంటే 3. పాత పైథాన్‌లోనూ అంతే ఉండేది. 2008లో వచ్చిన పైథాన్ 3లో దీన్ని మార్చి, 3.5 వచ్చేట్టు చేశారు. మంచి పని చేశారని నా అభిప్రాయం. సగం ఎక్కడికి పోయిందో తెలియక తల పట్టుకునే బాధ తప్పింది.

ఇప్పుడు నిజమైన లెక్క ఒకటి. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనేటప్పుడు తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర ఇస్తుంది. ఆపైన ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోస్తుంది. 12 దాటితే కొనదు. మీ పత్తికి 11 శాతం తేమ వచ్చింది. ముందు నోటితో చెప్పుకోండి: "ఎనిమిది మీద ఎంత ఎక్కువుందో అన్ని శాతాలు ధరలోంచి తీసేయాలి." దాన్ని ఉన్నదున్నట్టు కొడదాం:

>>> తేమ = 11
>>> 8110 - 8110 * తేమ - 8 / 100
-81100.08

క్వింటాలు పత్తి అమ్మి పైనుంచి ఎనభై ఒక్క వేలు మనమే కట్టాలన్నమాట! ఎక్కడ చెడింది? పైథాన్ ఎడమ నుంచి కుడికి వరసగా చదువుకుంటూ పోదు. ముందు గుణకారం, భాగహారం చేస్తుంది, ఆ తర్వాతే కూడిక, తీసివేత. 8110ని 11తో హెచ్చవేసింది, 8ని 100తో భాగించింది, తర్వాత తీసివేతలు చేసింది. మన మనసులో "ఎనిమిది మీద ఎంత ఎక్కువ" అన్నది ముందు తేలాల్సిన లెక్క. ఏది ముందు తేలాలో దానికి బ్రాకెట్ కట్టాలి:

>>> 8110 - 8110 * (తేమ - 8) / 100
7866.7

ఇదీ ధర. క్రమం పూర్తిగా చెప్పాలంటే, బ్రాకెట్లు మొదట, తర్వాత ఘాతం, తర్వాత అంకె ముందుండే మైనస్, తర్వాత * / // % నాలుగూ ఒకే మెట్టు మీద, ఆ కింద + -, ఇంకా కింద పోల్చే గుర్తులు, అట్టడుగున నాట్, అండ్, ఆర్. కంఠస్థం చేయమని నేనెవరికీ చెప్పను. అనుమానం వచ్చిన చోట బ్రాకెట్ పెట్టండి. అదనపు బ్రాకెట్‌తో లెక్క చెడదు, రేపు ఆ వరస చదివే మనిషికి మీ మనసులో ఏముందో కూడా తెలుస్తుంది.

ఎకరాలు, గుంటలు: // మరియు %

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. నాకు ఆపరేటర్లలో అన్నిటికంటే ఇష్టమైనవి ఈ రెండే.

ఆ నాయన అంత త్వరగా ఎలా చెప్పాడు? మనసులో అన్నిటినీ గుంటల్లోకి మార్చాడు, కలిపాడు, మళ్లీ నలభైలు తీశాడు. ఆయన చేసింది మూడు మెట్లు. మనమూ అవే చేద్దాం.

మొదటి మెట్టు, గుంటల్లోకి మార్చడం:

>>> మొదటి_చెలక = 1 * 40 + 25
>>> రెండో_చెలక = 2 * 40 + 25

రెండోది, కలపడం:

>>> మొత్తం = మొదటి_చెలక + రెండో_చెలక
>>> మొత్తం
170

మూడోది, అందులో నిండు నలభైలు ఎన్ని ఉన్నాయో చూడటం, అవి తీశాక మిగిలింది చూడటం. ఈ రెంటికీ వేరువేరు గుర్తులు ఉన్నాయి:

>>> మొత్తం // 40
4
>>> మొత్తం % 40
10

నాలుగెకరాల పది గుంటలు. // అంటే "నిండుగా ఎన్నిసార్లు పోతుంది", % అంటే "పోగా మిగిలింది ఎంత". ఈ % గుర్తును చూసి శాతం అనుకోవద్దు, పైథాన్‌లో శాతానికి గుర్తే లేదు. శాతం కావాలంటే 100తో భాగించుకోవాల్సిందే, పైన పత్తి ధరకు చేసినట్టు.

ఈ జోడీ ఎంత దూరం పోతుందో చూడండి. ఆ 170 గుంటలు ముగ్గురు అన్నదమ్ములకు పంచాలి.

>>> 170 // 3
56
>>> 170 % 3
2

మనిషికి 56 గుంటలు, అంటే 56 // 40 ఒక ఎకరం, 56 % 40 పదహారు గుంటలు. రెండు గుంటలు మిగిలాయి. వాటిని వదిలేస్తే గట్టు తగాదా ఖాయం. గుంటకు 121 గజాలు కాబట్టి వాటిని గజాల్లోకి దించుదాం:

>>> (2 * 121) // 3
80
>>> (2 * 121) % 3
2

ఒక్కొక్కరికి ఎకరం పదహారు గుంటల ఎనభై గజాలు, చివరికి మిగిలింది రెండు గజాలు. పెద్ద కొలత నిండుగా పంచు, మిగిలింది చిన్న కొలతలోకి మార్చు, మళ్లీ పంచు. నిమిషాలను గంటలుగా మార్చేటప్పుడు 60తో, ధాన్యం కిలోలను నలభై కిలోల బస్తాలుగా మార్చేటప్పుడు 40తో, అంతా ఇదే పద్ధతి. సరి సంఖ్యో బేసి సంఖ్యో తేల్చడానికి % 2 చూస్తే చాలు, 0 వస్తే సరి, 1 వస్తే బేసి.

మైనస్ అంకెల దగ్గర ఒక జాగ్రత్త. -10 // 40 కొడితే 0 రాదు, -1 వస్తుంది. -10 % 40 కొడితే 30 వస్తుంది. పది గుంటలు తక్కువ పడితే, ఒక ఎకరం తీసుకొచ్చి ముప్పై గుంటలు వెనక్కి ఇచ్చినట్టు అన్నమాట. పైథాన్ ఎప్పుడూ కింది వైపుకే దించుతుంది. సీ, జావా భాషల్లో ఇదే లెక్కకు 0, -10 వస్తాయి. రెండు భాషలూ పక్కపక్కన చదివే పిల్లలు పరీక్షలో ఇక్కడ తడబడటం చూశాను.

సాగర్ గేట్లు, ఘాతం, చివర్న కనబడే వింత తోక

వానాకాలంలో నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తారంటే మనవైపు బండ్లు కట్టుకొని చూసిరావడం ఆనవాయితీ. పేపర్లో మాత్రం లక్ష క్యూసెక్కులు అని ఒకచోట, టీఎంసీలు అని ఒకచోట రాస్తారు. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చడం మనమే చేసుకోవచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే ఎన్ని టీఎంసీలు? వంద కోట్లలో తొమ్మిది సున్నాలు, అంటే పదికి తొమ్మిదో ఘాతం. ఘాతానికి గుర్తు ** :

>>> 1_00_000 * 60 * 60 * 24 / 10 ** 9
8.64

చాలామంది లెక్కల పుస్తకం అలవాటులో ** బదులు ^ కొడతారు. 10 ^ 9 కొట్టి చూడండి, 3 వస్తుంది. అది ఘాతం కాదు, అంకెలను సున్నా, ఒకట్లుగా విడగొట్టి చేసే వేరే లెక్క. &, | అనేవి కూడా ఆ కుటుంబమే. మొదటి నెలలో వాటి జోలికి పోవద్దు.

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఈరోజు 587.3 ఉందనుకుందాం. నిండటానికి ఇంకెంత?

>>> 590 - 587.3
2.7000000000000455

ఈ తోక చూసి ఫోన్ పాడైందని ఒకరిద్దరు కంగారు పడ్డారు. పాడవలేదు. కంప్యూటర్ అంకెలను రెండు ఆధారంగా దాచుకుంటుంది. మన పది ఆధారం పద్ధతిలో మూడో వంతును 0.3333 అని ఎంత రాసినా పూర్తికానట్టే, 0.3ని ఆ పద్ధతిలో పూర్తిగా రాయలేం. ఎక్కడో తెగ్గొట్టాలి, ఆ తెగిన ముక్క తీసివేతలో బయటపడింది. మీ పనికి ఏం చేయాలంటే, చూపించేటప్పుడు రౌండ్ అనే ఫంక్షన్‌తో (పైథాన్‌లో ముందే సిద్ధంగా ఉన్న పనిముట్టు) రెండు స్థానాలకు కుదించుకోండి. డబ్బు లెక్కైతే రూపాయలు వదిలి పైసల్లో, దశాంశం లేకుండా నడపండి. అన్నిటికంటే ముఖ్యంగా, దశాంశాలు ఉన్న రెండు లెక్కలు సమానమా అని అడగొద్దు. 590 - 587.3 == 2.7 అని అడిగితే ఫాల్స్ అంటుంది.

పోల్చడం

ఇప్పుడే == వాడాం. = ఒకటైతే "లో పెట్టు", రెండైతే "సమానమా?" అనే ప్రశ్న. = అనే ఈ జంట గీతల గుర్తును లెక్కల్లోకి మొదట తెచ్చింది 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ రచయిత. పక్కపక్కనే సాగే రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఏముంటాయన్నది ఆయన వాదన. ప్రోగ్రామింగ్‌లో పైథాన్‌తో సహా చాలా భాషలు ఆ గుర్తును పెట్టడానికి వాడుకొని, అడగడానికి రెండు కలిపి రాశాయి. అందుకే బడి అలవాటు ఇక్కడ మనల్ని పట్టి లాగుతుంది.

మిగిలినవి: != అంటే "వేరా?", <, > తెలిసినవే, <= అంటే "అంతకు మించలేదా?", >= అంటే "అంతకు తగ్గలేదా?". => అని తిప్పి రాస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. పలికే క్రమంలోనే రాయండి, "ఎక్కువ లేదా సమానం", ముందు >, తర్వాత =.

పైథాన్‌లో ఒక సౌకర్యం ఉంది, నోటితో చెప్పినట్టే రాయొచ్చు. "తేమ ఎనిమిది దాటింది, పన్నెండు మించలేదు, అంటే కోత పడుతుంది":

>>> 8 < తేమ <= 12
ట్రూ

సీ భాషలో ఇదే రాస్తే ఎప్పుడూ నిజమే వస్తుంది, తేమ ఇరవై ఉన్నా సరే. అక్కడ ముందు 8 < తేమ అన్నది 0 లేదా 1గా తేలి, ఆ 0నో 1నో 12తో పోలుస్తుంది.

అక్షరాల సంగతికొస్తే, కొటేషన్లలో ఉన్నది మాట, లేనిది అంకె. "42" == 42 అంటే ఫాల్స్. "42" + "8" కలిపితే 50 కాదు, '428'. "42" + 8 అంటే టైప్ ఎర్రర్. కీబోర్డు నుంచి మనిషి కొట్టింది ఏదైనా పైథాన్‌కు మాటగానే అందుతుందని గుర్తుంచుకోండి, అంకెగా మార్చే బాధ్యత మీది. మాటను అంకెతో గుణిస్తే అన్నిసార్లు పక్కపక్కన రాస్తుంది. "-" * 40 అని కొడితే నలభై చిన్న గీతల వరస వస్తుంది, బిల్లులో గీత గీయడానికి బాగుంటుంది.

మన ఊరి పేరు దగ్గర ఒక పాఠం ఉంది:

>>> "నల్లగొండ" == "నల్గొండ"
ఫాల్స్
>>> "నల్ల" + "కొండ"
'నల్లకొండ'

మనకు రెండూ ఒకే ఊరు. పైథాన్‌కు అక్షరం తేడా ఉంటే వేరే మాట. కొండ గొండ అవుతుందని కూడా దానికి తెలియదు, + పెడితే పక్కపక్కన అతికిస్తుందంతే. ఇంకా కనబడని తేడా "మహబూబ్‌నగర్"లో ఉంటుంది. బ్ తర్వాత ఆ కంటికి కనిపించని అక్షరం పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు టైపు చేస్తే రెండూ సమానం కావు. తెలుగు పేర్ల జాబితాలు పోల్చాల్సి వస్తే ముందు ఈ సంగతి చూసుకోండి.

అండ్, ఆర్, నాట్

ఊరి పేరు రెండు రకాలుగా రాస్తారు కదా అని ఒక అమ్మాయి ఇలా రాసింది:

>>> ఊరు = "మిర్యాలగూడ"
>>> ఊరు == "నల్లగొండ" ఆర్ "నల్గొండ"
'నల్గొండ'

మిర్యాలగూడ నల్లగొండ పట్నం కాదు, అయినా ఫాల్స్ రాలేదు. తెలుగులో "ఊరు నల్లగొండా, నల్గొండా?" అంటే చాలు, వినేవాళ్లు అర్థం చేసుకుంటారు. పైథాన్ మాత్రం ఆర్‌కు అటూ ఇటూ ఉన్నవాటిని విడివిడిగా చూస్తుంది. ఎడమది అబద్ధం. కుడిది ఉత్త మాట, ఖాళీ కాని మాట ఏదైనా పైథాన్‌కు నిజం కిందే లెక్క. అందుకని దాన్నే తీసి చేతిలో పెట్టింది. ప్రశ్న రెండుసార్లు పూర్తిగా అడగాలి:

>>> ఊరు == "నల్లగొండ" ఆర్ ఊరు == "నల్గొండ"
ఫాల్స్

లేదా "ఈ గుంపులో ఉందా" అని అడగొచ్చు. ఊరు ఇన్ ("నల్లగొండ", "నల్గొండ") అంటే సరిపోతుంది. స్పెల్లింగులు మూడు నాలుగు ఉంటే ఇదే మేలు.

అండ్ అంటే రెండూ నిజం కావాలి, ఆర్ అంటే ఒక్కటి నిజమైనా చాలు, నాట్ అంటే తిరగేయడం. వీటిలో అండ్ ముందు తేలుతుంది, ఆర్ తర్వాత. ఇది మరిచిపోతే ఏమవుతుందో చూడండి. పట్టా గానీ కౌలు పత్రం గానీ ఉండాలి, తేమ కూడా 12 మించకూడదు అనే నియమం రాస్తున్నామనుకుందాం:

పట్టా_ఉంది ఆర్ కౌలు_పత్రం_ఉంది అండ్ తేమ <= 12

పట్టా ఉన్నవాడు 18 శాతం తేమతో వచ్చినా దీనికి ట్రూ వస్తుంది, ఎందుకంటే తేమ నియమం కౌలు పత్రానికి మాత్రమే అతుక్కుంది. పట్టాదారుకు ఒక న్యాయం, కౌలు రైతుకు ఒక న్యాయం అయిపోయింది. రెండు బ్రాకెట్ గుర్తులు దీన్ని సరిచేస్తాయి:

(పట్టా_ఉంది ఆర్ కౌలు_పత్రం_ఉంది) అండ్ తేమ <= 12

ఇలాంటి వరస నిజంగా ఏదో ఒక ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది, దాని జవాబు మీద ఒకరి పంట ఆధారపడుతుంది. అందుకే ఈ బ్రాకెట్ల గురించి నేను క్లాసులో ఇంతసేపు చెప్తాను.

ఇంకొక్కటి. అండ్ ఎడమ పక్క అబద్ధమని తేలగానే కుడి పక్క చూడదు. ఇది చాలా పనికొస్తుంది. ఎకరాలు 0 అయితే దిగుబడి / ఎకరాలు అన్న లెక్క జీరో డివిజన్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. దానికి ముందే కాపలా పెట్టొచ్చు:

ఎకరాలు != 0 అండ్ దిగుబడి / ఎకరాలు > 8

కాపలా ఎడమ పక్కే ఉండాలి. తిప్పి రాస్తే ముందు భాగహారమే జరుగుతుంది, ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది.

మీరు చేసి చూడాల్సింది

మూడు సర్వే నంబర్లు, 0.38, 1.17, 2.29. మొత్తం అనే పేరులో ముందు 0 పెట్టండి. ఒక్కో నంబరును గుంటల్లోకి మార్చి += తో కలపండి. 204 రావాలి. // తో 5 ఎకరాలు, % తో 4 గుంటలు. నలుగురికి పంచితే తలా ఎకరం పదకొండు గుంటలు, మిగిలేది సున్నా. మిగిలింది సున్నానా అన్న ప్రశ్నను == తో అడిగితే ట్రూ రావాలి. ఇది కుదిరాక ఇంట్లో ఉన్న పాస్‌బుక్కు తీసి అదే పద్ధతిలో కట్టండి, పెద్దవాళ్లను నోటి లెక్క చెప్పమని రెండూ సరిచూసుకోండి. ఒకవేళ పై లెక్కకు 3.84 దరిదాపుల్లో ఏదైనా కనిపించిందంటే, చుక్కను మళ్లీ దశాంశంగానే చదివారు. మొదటి వరసను 0 * 40 + 38 అని మార్చి అక్కడి నుంచి కొట్టండి.